రన్‌వే గరుకు కథ: టెస్ట్‌లో పాసైన టైరు నేల మీద ఎందుకు అరిగింది?

మన జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు చూసే ఉంటారు. ఆ రాయికి పాలిష్ పట్టి హాల్లో పరిస్తే అద్దంలా మెరుస్తుంది, నీళ్లు పడితే మాత్రం జారుతుంది. అదే రాయిని గరుకుగా వదిలేసి వాకిట్లో వేస్తే కాలు నిలబడుతుంది, కానీ చెప్పు అడుగు తొందరగా అరుగుతుంది. పట్టు కావాలంటే అరుగుదల భరించాల. ఈ రోజు ఎపిసోడ్ అంతా ఈ బేరం గురించే. కాకపోతే ఇక్కడ రాయి బదులు రన్‌వే, చెప్పు బదులు విమానం టైరు.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. తడి నేల మీద వేగంగా పోతున్నప్పుడు టైరు కింద నీళ్లు పక్కకు తప్పుకోవడానికి టైం చాలదు. అప్పుడు టైరు నీటి మీద తేలుతుంది, బ్రేకు, స్టీరింగ్ పని చేయవు. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. నాసా లాంగ్లీ సెంటర్‌లో వాల్టర్ హార్న్ బృందం 1963లో దీనికి ఒక సింపుల్ లెక్క చెప్పింది: టైరు గాలి ఒత్తిడికి వర్గమూలం తీసి 9తో గుణిస్తే, తేలడం మొదలయ్యే వేగం నాట్స్‌లో వస్తుంది. కారు టైరులో 36 పీఎస్ఐ ఉందనుకోండి. 6 ఇంటూ 9, అంటే 54 నాట్స్. గంటకు సుమారు 100 కిలోమీటర్లు.

దీనికి మందు, రన్‌వేకి అడ్డంగా గాళ్లు కోయడం. ఫ్లోరిడాలో స్పేస్ షటిల్ కోసం 1976లో సిద్ధమైన కెన్నెడీ రన్‌వే మీద అదే చేశారు. పొడవు నాలుగున్నర కిలోమీటర్లు, వెడల్పు 91 మీటర్లు, గరుకు కాంక్రీటు, దాని నిండా పావు అంగుళం గాళ్లు. అక్కడ వానలెక్కువ. పైగా షటిల్ దిగేటప్పుడు ఇంజిన్ ఉండదు, "ఇంకో రౌండ్ వేసి వస్తా" అనే చాన్సే లేదు. అందుకే పట్టు గట్టిగా ఉండాలనుకున్నారు.

1984 ఫిబ్రవరిలో షటిల్ మొదటిసారి అక్కడ దిగింది. నిశ్చలంగా ఉన్న టైరు గంటకు 350 కిలోమీటర్ల వేగంతో నేలను తాకితే, తిరగడం మొదలయ్యేలోపే ఆ గరుకు రబ్బరును చెక్కేస్తుంది. పక్కగాలి ఉంటే అరుగుదల ఇంకా ఎక్కువ. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ పక్కగాలిలో దిగింది. దారి తప్పకుండా ఒకవైపు బ్రేకులు గట్టిగా వాడాల్సొచ్చింది. బ్రేకు దెబ్బతిని టైరు పేలింది. లోపల ఏడుగురున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పేలుడుకు గరుకు ఒక్కటే కారణం కాదు. కానీ 1990 నవంబర్ దాకా కెన్నెడీలో మళ్లీ ఒక్క షటిల్ కూడా దిగలేదు. కాలిఫోర్నియాలో దింపి, జంబో జెట్ వీపు మీద మోసుకొచ్చేవాళ్లు.

మరి ముందే టెస్ట్ చేయలేదా అంటారా? మామూలుగా విమానం టైరును తిరిగే పెద్ద ఉక్కు డ్రమ్ముకు నొక్కి పరీక్షిస్తారు. బరువు, వేగం, వేడి అన్నీ అందులో తెలుస్తాయి. కానీ ఉక్కు నున్నగా ఉంటుంది. అరుగుదల గురించి అది నిజం చెప్పదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది బాగా తెలిసిన బాధే: టెస్ట్ సర్వర్‌లో పాస్, కస్టమర్ దగ్గర ఫెయిల్. లోపం కోడ్‌లో ఎంతుందో, టెస్ట్ చేసిన చోటులోనూ అంతే ఉంటుంది.

అందుకే లాంగ్లీ ఇంజనీర్లు కెన్నెడీ రన్‌వేకి నకలు తయారుచేశారు. నీటి ధార తోసే పెద్ద బండికి షటిల్ టైరు బిగించి, ఆ నకలు మీద పరిగెత్తించారు. ఫలితం? 1988లో రన్‌వే రెండు చివర్లా 3,500 అడుగుల మేర గరుకు తగ్గించారు. తర్వాత కాన్వెయిర్ 990 అనే పాత విమానం పొట్ట కింద షటిల్ చక్రం పెట్టి నిజం రన్‌వేల మీదే చూశారు. 1994లో మొత్తం నున్నబరిచారు. అంటే, ఒకప్పుడు కోరి పెట్టిన గరుకునే కొంత తీసేశారు!

సరే, ప్రతి టైరుకూ ఒక రన్‌వే కట్టలేం కదా. అందుకే డ్రమ్ముకే రన్‌వే లాంటి గరుకు పూత వేయాలన్న ఆలోచన. రెసిన్‌లో గట్టి రాతి రవ్వ కలిపి పూస్తే చాలనిపిస్తుంది. చిక్కంతా తర్వాతే. రవ్వ మొనలు అరుగుతాయి, సందుల్లో రబ్బరు నిండుతుంది, ఆ వేడికీ వేగానికీ పూత ఊడొచ్చు. మొదటి టైరుకు దొరికిన గరుకే వందో టైరుకూ దొరకాల. లేకపోతే రెండింటినీ పోల్చలేం. స్కేలే అరిగిపోతే కొలతకు విలువేముంది?

1997 డిసెంబర్ 5న కల్పనా చావ్లా తన మొదటి అంతరిక్ష యాత్ర ముగించుకుని దిగింది ఆ నున్నబరిచిన రన్‌వే మీదే. 2015లో మొదలైన మన కడప ఎయిర్‌పోర్ట్‌లో దిగే చిన్న విమానం టైరుకైనా ఈ బేరం తప్పదు. రన్‌వే మీద కనిపించే నల్లటి చారలు ఆ బేరంలో టైరు కట్టిన మూల్యం.

పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు వానలో కారులో వస్తున్నారా? హార్న్ లెక్క గుర్తు పెట్టుకోండి. ఆ 100 మంచి టైరుకు. గాళ్లు అరిగిపోయిన టైరు అంతకంటే ముందే తేలుతుంది. బయలుదేరే ముందు ఒకసారి కిందికి వంగి టైరు చూడండి. ఉంటా మరి!