పొయ్యి కన్నా గొట్టమే ముఖ్యం: ఫ్రాంక్లిన్ స్టవ్ కథ

ఈ ఎపిసోడ్ కట్టెల పొయ్యి గురించి. వంట పొయ్యి కాదు, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి. మనకి చలంటే దుప్పటి, మహా అయితే వాకిట్లో చలిమంట. లంబసింగిలో అయినా అంతే. కానీ నదులు గడ్డకట్టే ఊళ్లలో నెలల తరబడి ఇంట్లో నిప్పు ఉండాల్సిందే. ఆ నిప్పుని ఇంట్లో పెట్టి, పొగని మాత్రం బయటికి పంపడం మనుషులు చాలా కష్టపడి నేర్చుకున్నారు.

1740ల ఫిలడెల్ఫియాకి వెళ్దాం. ఇంగ్లిష్ వాళ్ల ఇళ్లలో గోడకి పెద్ద ఫైర్‌ప్లేస్, ముందువైపు మొత్తం తెరిచే ఉంటుంది. చూడ్డానికి బావుంటుంది గానీ, వేడిలో చాలా భాగం చిమ్నీలోంచి ఆకాశానికే పోతుంది. పైకి పోయిన గాలి స్థానంలోకి తలుపు సందుల్లోంచి చల్లగాలి తోసుకొస్తుంది. మొహం మాడిపోతుంటే వీపు వణుకుతుంటుంది. మరోపక్క కట్టెల కరువు. వందేళ్ల కింద గుమ్మం ముందే దొరికిన కట్టెల్ని ఇప్పుడు కొన్ని ఊళ్లకి దాదాపు 100 మైళ్ల నుంచి తేవాల్సొస్తోందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో రాశాడు. అంటే పేదవాడి ఇంట్లో చలికాలం ఎలా ఉండేదో ఊహించుకోండి.

అక్కడే ఉన్న జర్మన్ వలసదారుల దగ్గర మూసి ఉన్న ఇనప పొయ్యిలు ఉండేవి. గది బాగా వెచ్చగా ఉండేది. కానీ మంట కనపడదు, గదిలో గాలి మారదు అని ఇంగ్లిష్ వాళ్ల కంప్లయింట్. ఫ్రాంక్లిన్ రెండిటినీ కలపాలనుకున్నాడు. ముందువైపు మంట కనపడుతుంది. వెనక ఇనప పెట్టె ఒకటి. బయటి గాలి నేల కింది నుంచి ఆ పెట్టెలోకొచ్చి, అడ్డుపలకల మధ్య తిరిగి వేడెక్కి, పక్క రంధ్రాల్లోంచి గదిలోకొస్తుంది. పొగేమో పెట్టె పైనుంచి వెళ్లి, వెనకవైపు కిందికి దిగి, అడుగునుంచి చిమ్నీలో ఎక్కుతుంది. స్నేహితుడు రాబర్ట్ గ్రేస్ తన కొలిమిలో ఇనప పలకలు పోత పోయించాడు. గవర్నర్ జార్జ్ థామస్ పేటెంట్ ఇస్తానన్నా ఫ్రాంక్లిన్ వద్దన్నాడు. వేరేవాళ్లు కనిపెట్టినవి మనం వాడుకుంటున్నప్పుడు మనవి కూడా ఊరికే ఇవ్వాలని ఆయన లెక్క. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్. లండన్‌లో ఒక ఇనప వ్యాపారి మాత్రం చిన్న మార్పులు చేసి పేటెంట్ తీసుకుని బాగానే సంపాదించాడట. ఈ మాట ఫ్రాంక్లినే ఆత్మకథలో చెప్పుకున్నాడు.

మరి డిజైన్ పనిచేసిందా? ఇక్కడే అసలు తిరకాసు. వేడి పొగకి పైకి పోవడమే తెలుసు. దాన్ని కిందికి దించి మళ్లీ ఎక్కించాలంటే చిమ్నీ ముందే వేడిగా ఉండి, గట్టిగా లాగాలి. మంట కాస్త మందగించిందా, పొగ గదిలోకి తిరిగొస్తుంది. తర్వాత డేవిడ్ రిటెన్‌హౌస్ లాంటివాళ్లు ఆ కిందికి దిగే దారి తీసేసి, పొగని నేరుగా పంపే గొట్టం పెట్టారు. ఈరోజు ఫ్రాంక్లిన్ స్టవ్ అని చూపించే వాటిలో చాలావరకు ఆయన అసలు డిజైన్ కాదు. నా ఉద్దేశంలో అసలు ఇంజన్ చిమ్నీనే, పొయ్యి దానికి తగిలించిన పెట్టె.

ఈ పాఠం అమెరికా మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక లక్షల మంది కట్టెల పొయ్యిల వైపు తిరిగారు. గాలి చొరబడని కొత్త పొయ్యిలు. రాత్రి కట్టెలు నింపి, గాలి రంధ్రం మూసేసి పడుకుంటే తెల్లారేదాకా నిప్పు ఉంటుంది. సౌకర్యమే. కానీ గాలి తక్కువైతే కట్టె మండదు, రాజుకుంటూ పొగ కక్కుతుంది. ఆ పొగ చల్లటి గొట్టానికి తగిలి తారులా పేరుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. ఒకరోజు పెద్ద మంట వేయగానే గొట్టం లోపలే అంటుకుంటుంది. అలా కాలిన ఇళ్లు బోలెడు. 1988లో పర్యావరణ సంస్థ ఈపీఏ కొత్త పొయ్యిల పొగకి పరిమితులు పెట్టింది.

పచ్చికట్టె సంగతి కూడా అదే. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. ఎండాక 20 శాతం లోపుకి రావాలి, దానికి చాలా రకాల కట్టెకి ఏడాది కావాలి. నీళ్లు ఆవిరవడానికి పోయే వేడి ఒక నష్టం. మంట చల్లబడి, కట్టెలోంచి వచ్చే వాయువులు పూర్తిగా కాలకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. కాలని ఆ సరుకే క్రియోసోట్.

అమెరికాలో మనవాళ్లెవరైనా కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు కొంటే, ముందు గొట్టం శుభ్రం చేసేవాణ్ణి పిలవండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ఏమవుతుందో మన పెద్దవాళ్లకి తెలుసు. అదే వాయువు ఇక్కడా.

ఫ్రాంక్లిన్ ఈ గొడవ చివరిదాకా వదల్లేదు. 1785లో, 79 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్ నుంచి ఓడలో తిరిగొస్తూ పొగ చిమ్ముతున్న చిమ్నీల మీద పెద్ద ఉత్తరం రాశాడు. తొమ్మిది కారణాలు చెప్పాడు. మొదటిది కొత్త ఇల్లు. తలుపులు, కిటికీలు అంత బిగువుగా అమరితే గాలి లోపలికి రాదు. గాలి రాకపోతే పొగ బయటికి పోదు. ఇప్పటి ఇళ్లలో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే పొయ్యి గదిలోకి పొగ కక్కుతుంటే, మీరు చూస్తున్నది ఆ మొదటి కారణమే.