ఏనుగు మల్లమ్మ కొండపై దొరగారి బంగళా



పెద్దమండ్యం, తంబళ్లపల్లె, మదనపల్లె సీమలవారికి హార్స్‌లీ కొండ తెలియనిది కాదు. 4,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్న ఆ కొండమీద ఎండకాలమందును చల్లగాలి వీచుచుండును. మన పూర్వులు మాత్రము దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనిరి. దట్టమైన అడవిలో మల్లమ్మ యను పుణ్యాత్మురాలు నివసించెడిదనియు, అడవి ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి యిచ్చెడివనియు, చుట్టుపట్ల గల వనవాసులకు ఆమె రోగములు మాన్పుచుండెననియు పెద్దలు చెప్పుదురు. ఒకనాడు ఆమె కనబడకపోయెను. జనులు ఆమెను దేవతగా నెంచి గుడి కట్టుకొనిరి. లక్ష్మీదేవికి గజములు అభిషేకము చేయుట మనకు క్రొత్త కాదు గనుక ఈ కథ విన్నవారెవ్వరును ఆశ్చర్యపడరు.

ఇక దొరగారి మాట. ఆ రోజులలో మదనపల్లె కడప జిల్లాలోనిది; 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గదా అందులో చేరినది! కడప వేసవి ఎట్టిదో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. మద్రాసు గవర్నరులకు ఉదకమండలము ఉన్నది. కడప కలెక్టరుగా నుండిన డబ్ల్యు.డి. హార్స్‌లీ దొర తన జిల్లాలోనే చల్లని చోటు వెదకికొని, 1870 ప్రాంతమున ఈ కొండమీద వేసవి విడిదిగా ఇల్లు నిర్మించుకొనెను. ఇల్లు కట్టిన దొర పేరే కొండకు అంటుకొనెను. ఒక్క యింటి పేరు కొండనంతటిని కప్పివేయుట చిత్రమే. అయినను దొరను నిందింపను. ఆ పేరును నోట నిలుపుకొన్నవారము మనమే.

ఆ ఇంటికంటె ముందుదైన సాక్షి ఒకటి కొండమీద ఉన్నది. 1859లో నాటిన నీలగిరి వృక్షమది; కల్యాణి అని పేరు. ఆస్ట్రేలియా దేశపు జాతి చెట్టు ఇక్కడి మట్టిలో సుమారు 40 మీటర్ల ఎత్తు పెరిగి, 1995లో మహావృక్ష పురస్కారమును పొందినది. పరదేశపు చెట్టుకు మంగళకరమైన పేరు పెట్టుకొన్నాము. మన తల్లి కొండకు మాత్రము పరదేశపు పేరు ఉంచుకొన్నాము!

కొన్నేండ్ల క్రిందట ఒక కుటుంబమువారు ఆ కొండమీద పూజ చేయించుకొనుటకు నన్నును, మరియొక పండితుని పిలిచిరి. సంకల్పములో దేశమును చెప్పవలెను గదా. శ్రీశైలమునకు ఏ దిక్కుననున్నామో చెప్పి, కొండ పేరు వచ్చుసరికి నేను ఆగితిని. "హార్స్‌లీ అనండి, కాగితములలో ఉన్నది అదే" అని ఆయన మెల్లగా అనెను. "ఏనుగులు అన్నము పెట్టిన తల్లి ఇక్కడ ఉండగా దొర పేరా?" అంటిని. ఆయన ఊరుకొనలేదు. "సంకల్పమనగా మనమెక్కడ ఉన్నామో చెప్పుట. ఎవరికిని తెలియని పేరు చెప్పినచో గుర్తు ఎట్లగును?" అనెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కర్తగారు చేతిలో అక్షతలు పట్టుకొని మా యిద్దరి ముఖములు చూచుచుండిరి.

చివరకు "హార్స్‌లీనామ్నా ప్రసిద్ధే మల్లాంబాగిరౌ" అని చెప్పితిని. హార్స్‌లీ అను పేర ప్రసిద్ధమైన మల్లమ్మ కొండమీద అని దాని అర్థము. చరిత్ర జరిగినట్లే చెప్పితిమి గనుక ఇద్దరికిని అభ్యంతరము లేకపోయినది. అక్షతలు విడిచిన పిమ్మట ఆ యింటి ముసలమ్మగారు, "అయ్యా, మల్లమ్మ పేరు ఇంకొకసారి అనండి, మా పిల్లలు విననీ" అనిరి. మరల చెప్పితిని. పూజ ముగిసిన తరువాత వారందరు బంగళాలవైపు పోక, ముందు అమ్మవారి గుడికి నడిచిరి. మేమును వారి వెంటనే పోతిమి.