ఆల్బకరా

ఆల్బకరా రోజేసి కుటుంబానికి చెందిన పండ్ల చెట్టు. దీనిని ఆంగ్లములో ప్లమ్ అంటారు. పారసీక భాషలోని 'ఆలూ బుఖారా' నుండి ఈ పేరు వచ్చింది. బుఖారా పట్టణపు ఆలూ పండు అని దాని అర్థము. పెరటి తోటలలో పెంచే రకములలో 'శాంటా రోజా' ప్రసిద్ధమైనది. దీనిని లూథర్ బర్బ్యాంక్ 1906లో కాలిఫోర్నియాలో విడుదల చేశాడు. భారతదేశములో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, కాశ్మీరు కొండ ప్రాంతాలలో ఆల్బకరా పండుతుంది.

వాతావరణము

ఇది ఆకురాల్చు చెట్టు. శీతాకాలములో 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గలు సక్రమముగా విచ్చుకుంటాయి. తెలుగునాట మైదానాలలో అంత చలి లేదు గనుక, మొక్క బ్రతికినా కాపు ఆశించరాదు.

నాటుట

ఆకులు రాలిన అంటుమొక్కను శీతాకాలములో, ఎండ బాగా తగిలి నీరు నిలువని చోట నాటాలి. అంటు కట్టిన భాగము నేలకు పైనే ఉండాలి. చాలా రకములు తమ పుప్పొడితో తామే కాయలేవు. శాంటా రోజా కొంతవరకు ఒంటరిగా కాసినా, అదే సమయములో పూచే మరొక జపాను ప్లమ్ రకము దగ్గరలో ఉంటే కాపు పెరుగుతుంది.

సంరక్షణ

* నడిమి కొమ్మను కత్తిరించి, చుట్టూ మూడు నాలుగు కొమ్మలను గిన్నె ఆకారములో పెరగనివ్వాలి. అప్పుడు లోపలికి వెలుతురు, గాలి చేరుతాయి.
* ఎండిన కొమ్మలను, ఒకదానినొకటి రాసుకొను కొమ్మలను ఏటా తీసివేయాలి.
* పిందెలు గోలీలంత ఉన్నపుడే 10-15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంచి, మిగిలినవి తుంచివేయాలి. దీనికి మనసొప్పదు గాని, గుత్తులుగా వదిలివేస్తే కాయలు చిన్నవవుతాయి, బరువుకు కొమ్మలు విరుగుతాయి, మరుసటి ఏడు కాపు తగ్గుతుంది.

జాగ్రత్త

గింజలోని పప్పులో అమిగ్డలిన్ ఉంటుంది. నమిలి తింటే అది శరీరములో సయనైడు విషాన్ని విడుదల చేస్తుంది. కనుక పిల్లలు దానిని కొట్టుకొని తినకుండా చూడాలి.