లస్కరు

లస్కరు (లష్కరు అని కూడా వ్రాస్తారు) అనగా సాగునీటి కాలువలను, తూములను కనిపెట్టుకొని ఉండే దిగువ స్థాయి ఉద్యోగి. కడప జిల్లా పెద్దముడియం, ప్రొద్దుటూరు ప్రాంతాల రైతులకు చిరపరిచితమైన ఈ మాటకు ప్రపంచంలో ఎక్కువగా తెలిసిన అర్థం మాత్రం ఓడ పనివాడు అని.

వ్యుత్పత్తి

పారశీక భాషలో లష్కర్ అంటే సైన్యం, లష్కరీ అంటే సైనికుడు. పోర్చుగీసువారు దీనిని లస్కరిం అని మార్చి, తమ కొలువులోని ఆసియా సైనికులకు వాడారు. ఆంగ్లేయుల నోట అది లాస్కర్ అయింది. తెలుగులో మూలార్థం కూడా నిలిచి ఉంది. 1806లో ఏర్పడిన దండు విడిది కారణంగా సికింద్రాబాదును నేటికీ లష్కర్ అంటారు. అక్కడి ఉజ్జయిని మహాకాళి జాతర లష్కర్ బోనాలుగా ప్రసిద్ధం.

ఓడలపై

ఈస్టిండియా కంపెనీ ఓడలలో పనిచేసిన భారతీయ నావికులందరినీ లాస్కర్లనే పిలిచేవారు. వీరి పెద్దను సరంగు అంటారు. ఇదీ పారశీక పదమే. బ్రిటిష్ నావికులతో పోలిస్తే వీరి జీతం చాలా తక్కువ. పైగా 1823 నాటి చట్టం, వీరు బ్రిటిష్ పాలనలో పుట్టినవారైనా, వీరిని బ్రిటిష్ నావికులుగా లెక్కించరాదని చెప్పింది. తెలుగు తీరంలో ఓడల నిర్మాణానికి, నావికులకు కోరంగి పేరుపొందింది. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనడం ఆ రేవు పేరు మీదనే.

కాలువలపై

ఆంగ్లేయుల సైన్యంలో ఫిరంగులను లాగేవారికి, డేరాలు వేసేవారికి కూడా లాస్కర్ అనే పేరు ఉండేది. కాలువ లస్కరు ఓడ నుండి కాక, ఈ చాకిరీ అర్థం నుండి వచ్చి ఉండవచ్చు. అయినా కర్నూలు-కడప కాలువ విషయంలో రెండు అర్థాలూ చిత్రంగా దగ్గరవుతాయి. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863-1870 మధ్య ఈ కాలువను సాగునీటితో పాటు పడవల రవాణాకు కూడా త్రవ్వించింది. 1882లో ఇది ప్రభుత్వపరమైంది. పడవలు ఏనాడో ఆగిపోయాయి, లస్కరు పేరు మాత్రం మిగిలింది.

పెద్దముడియానికి చేరువలో కుందూ నదిపై ఉన్న రాజోలి ఆనకట్ట ఈ కాలువ వ్యవస్థలో భాగం. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లకు గండి పడకుండా చూడడం, పైవారు అక్రమంగా నీరు మళ్ళిస్తే అధికారులకు తెలపడం లస్కరు విధులు. వంతుల రోజుల్లో రాత్రివేళ తూము వద్ద ఇతడు లేకపోతే నష్టపోయేది చివరి ఆయకట్టు రైతే. ఎగువవారి కోపం, దిగువవారి నింద రెండూ ఈ చిరుద్యోగి మీదనే పడతాయి.