గోదావరి మన్యంలో క్రైస్తవ కీర్తన: అవ్వలు నిలిపిన వరుసలు

దక్షిణ బస్తర్‌లోని కిష్టారం నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలో ఉంది. అయినా జగదల్‌పూర్ కన్నా భద్రాచలమే ఈ గ్రామానికి చేరువ. దోర్ల, కోయ ప్రజలు నివసించే ఈ అడవులకు గోదావరి తీరంతో సంతల ద్వారా, వియ్యాల ద్వారా ఏర్పడిన సంబంధం చాలా పాతది. తెలుగు మాట ఈ దారులలోనే ఉత్తరానికి నడిచింది. దాని వెంట తెలుగు పాట కూడా నడిచింది. అలా నడిచిన పాటలలో క్రైస్తవ కీర్తన ఒకటి. దాని చరిత్రను మిషనరీల నివేదికలు కొంత, కీర్తనల పుస్తకం కొంత చెబుతాయి. ఆ రెండింటికీ అందని భాగం మరొకటి ఉంది. పాటను విని నేర్చుకొని, మనుమలకు నేర్పి, ఆరాధనలో పల్లవి ఎత్తుకున్న వృద్ధ స్త్రీల జీవితమే ఆ భాగం.

పాట వచ్చిన దారులు

గోదావరి ఎడమగట్టు తాలూకాలు 1860లో నిజాం నుండి బ్రిటిషు పాలనలోకి వచ్చాయి. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలో చేరాయి. ఎగువ గోదావరిని నౌకాయానానికి అనువుగా మలిచే పనులు ఆ రోజుల్లో దుమ్ముగూడెం వద్ద జరిగాయి. వాటిని పర్యవేక్షించిన సైనిక ఇంజనీరు హేగ్ చొరవతో అక్కడ చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం నెలకొన్నది. నౌకామార్గ పథకం 1871లో ఆగిపోయినా ఆ కేంద్రం నిలిచింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచార వ్యవహారాలపై 1876 నుండి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ప్రకటించిన వ్యాసాలు నేటికీ పరిశోధకులకు ఆధారాలుగా ఉన్నాయి.

మరొక దారి జగదల్‌పూర్ మీదుగా సాగింది. అక్కడి మెథడిస్టు ఆలయాన్ని ప్రజలు ‘లాల్ చర్చి’ అని పిలుస్తారు. అది చందయ్య అనే తెలుగు పేరుతో నెలకొన్న స్మారకాలయం కావడం గమనార్హం. హల్బీ, గోండీ వినిపించే నగరంలో ఆ పేరు ఒక పాత ప్రయాణానికి గుర్తు.

పుస్తకంలో ఉన్నది, లేనిది

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో క్రైస్తవాన్ని స్వీకరించి, 1890లో మరణించాడు. పాశ్చాత్య గీతాల అనువాదంతో తృప్తిపడక, ఆయన పల్లవి, చరణాలతో కూడిన దేశీయ కీర్తన మార్గాన్ని అనుసరించాడు. ఆ మార్గం తెలుగువారి చెవికి కొత్త కాదు. పదిహేడవ శతాబ్దికి చెందిన భద్రాచల రామదాసు కీర్తనలు భజన గోష్ఠుల ద్వారా పల్లెపల్లెకూ చేరాయి. ఈ భక్తి బంధాన్ని ఆర్.ఆర్. సుందరరావు 1983లో వెలువరించిన తన ఆంగ్ల గ్రంథంలో సవిస్తరంగా పరిశీలించారు.

లూథరన్, బాప్టిస్టు మొదలైన శాఖాభేదాలకు అతీతంగా తెలుగు సంఘాలన్నీ ఆదరించిన సంకలనం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. అందులో కీర్తనకు పైన రాగం, తాళం పేర్కొనడం పరిపాటి. అయితే స్వరం మాత్రం ఉండదు. రాగం పేరు చూసి పాడగల శిక్షణ పల్లె సంఘాలలో ఎందరికి ఉంటుంది? కనుక పాట అసలు నడక, అంటే వరుస, ఒకరి నోట విని మరొకరు నేర్చుకోవలసిందే. పుస్తకం మాటను దాచింది. వరుసను దాచినది మనిషి గొంతు.

చదువు లేని విద్వత్తు

1901 జనాభా లెక్కల నాటికి భారతదేశంలో నూరుమంది స్త్రీలలో అక్షరాస్యురాలు ఒక్కరైనా లేరు. అటువంటి కాలంలో సంఘంలో చేరిన స్త్రీకి కీర్తనల పుస్తకం చేతిలో ఉన్నా చదవడానికి వీలులేదు. ఆమె పాటను కంఠస్థం చేసింది. నాట్లు వేస్తూ, పిండి విసురుతూ, ఊయల ఊపుతూ పాడుకుంది. ఆదివారం నాడు చదువుకున్న ఉపదేశి చరణం మరచినా, ముందు వరుసలో కూర్చున్న అవ్వ అందుకునేది. మనుమలకు ఆమె ఒడే మొదటి సంగీత పాఠశాల. ప్రభాత ప్రార్థన, పెండ్లి, మరణం, పంట కోత, దేనికి ఏ పాటో ఆమెకు తెలుసు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్ తొలి బిషప్పు అయిన తరువాత ఆ పీఠంలో దేశీయ కీర్తనకు, భజనకు ఆదరణ లభించింది. హార్మోనియం కథ ఇంకా ఆసక్తికరం. మన సంగీతానికి తగదన్న విమర్శపై ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని దూరంగా ఉంచింది. సంఘాలలో మాత్రం అది డోలక్, తాళాల సరసన నిశ్చింతగా నిలిచింది. వాద్యం లేని చోట చప్పట్లు చాలేవి.

ఇంతటి సేవ చేసిన స్త్రీల పేర్లు చరిత్రలో చాలా అరుదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై ప్రార్థించిన అయిదుగురిలో ఇద్దరు తెలుగు స్త్రీలు. జూలియా, రూత్ అనే పేర్లను మించి వారిని గురించి సామాన్య పాఠకునికి అందేది స్వల్పం. అదే కొండపై ఉన్న జూయెట్ దొర జీవితం మాత్రం మిషను చరిత్రలలో సవివరంగా లభిస్తుంది.

చేయవలసిన పని

2005 తరువాత దక్షిణ బస్తర్‌లో చెలరేగిన హింస వల్ల కొంటా ప్రాంతపు కుటుంబాలు అనేకం గోదావరి జిల్లాల అడవులకు తరలివచ్చాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా భద్రాచలం పరిసర మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఒకే పాట పాడిన పల్లెలు ఇప్పుడు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. కదలిన కుటుంబం పుస్తకాన్ని మూటలో కట్టుకోగలదు. కానీ వరుస తెలిసిన అవ్వ దారిలో కన్నుమూస్తే, ఆ వరుసను తిరిగి తెచ్చే అచ్చుయంత్రం లేదు.

కోయల రేలా పాటలను, రామదాసు కీర్తనలను సేకరించినంత శ్రద్ధతో ఈ వరుసలను కూడా సేకరించడం సాంస్కృతిక సంస్థల బాధ్యత. ఇది ఒక మతానికి మాత్రమే చెందిన పని కాదు, తెలుగు గానచరిత్రకు చెందిన పని. పాటతోపాటు పాడిన మనిషి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చుకున్నదో కూడా నమోదు కావాలి. ‘మా నాయనమ్మ నేర్పింది’ అనే ఒక్క మాట వెనుక నాలుగు తరాల పరంపర ఉండవచ్చు. ఆ నాయనమ్మ పేరు అడిగి రాసుకోవడంతోనే పరిశోధన ప్రారంభం కావాలి.