చెన్నపట్టణమున తెలుగువారి ఇండ్లు, స్థలములు, జీవికలు

చెన్నపట్టణపు తెలుగువారిని గూర్చి వ్రాసినవారు వారి వర్తకమును, దానధర్మములను, ముద్రాలయములను గూర్చి విరివిగా వ్రాసిరి. వారి ఇండ్లను గూర్చి వ్రాసినది తక్కువ. ఎవరు ఎచ్చట స్థలము సంపాదించిరి, దానిపై వారికి నిలిచిన హక్కు ఎంత, ఆ యింటి యందు కాపురము మాత్రమే సాగెనా, జీవిక కూడ సాగెనా అను ప్రశ్నలు పైకి చిన్నవిగా తోచును. కాని 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడునాటికి ‘మద్రాసు మనదే’ అను నినాదము వెనుక ఉన్నవి ఈ ప్రశ్నలే. ఆ మాటకు చరిత్రలో ఎంత బలము కలదో ఇండ్లను, స్థలములను పట్టి విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

పొలము వెల దాని మన్నునుండి, నీటినుండి పుట్టును. రాజధానిలోని యింటి వెల అట్లు కాదు. కోట ఎచ్చట, రేవు ఎచ్చట, కచేరి ఎచ్చట అను దానిని బట్టి అది ఏర్పడును. ఇంటివాని చేతిలో లేని కారణములచేత పెరుగును. అట్టి కారణములచేతనే కూలును. ఈ భేదమును మనస్సున నుంచుకొనక చెన్నపట్టణపు ఆస్తులను గూర్చి చెప్పిన మాటలు అభిమానవాక్యములే యగును.

1639 ఆగస్టులో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీవారికి సముద్రతీరమున కొంత నేల నొసగెను. పట్టణమునకు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు వచ్చినదని ప్రసిద్ధి. ఓడలు నిలుచుటకు సహజమైన రేవు లేని ఆ యిసుకనేలకు జనులను రప్పించుటకై, తినుటకు, త్రాగుటకు, కట్టుటకు వలయు వస్తువులపై ముప్పదియేండ్లు సుంకము ఉండదని కంపెనీ అధికారి ఆండ్రూ కోగన్ చాటించెను. నేతగాండ్రు, అద్దకపువారు, వర్తకులు వచ్చిరి. వారిలో తెలుగువారు, తమిళులు ఇరువురును ఉండిరి. కోట లోపల తెల్లవారు. కోటకు ఉత్తరమున, గోడకు గోడ ఆనించి కట్టుకొన్న యిండ్లలో దేశస్థులు. ఆ భాగమునకు ఆంగ్లేయులు ‘బ్లాక్ టౌను’ అని పేరు పెట్టిరి. ఇఱుకైనను జనము అచ్చటనే క్రిక్కిఱియుటకు కారణము స్పష్టము. బయానా సొమ్ము ఇచ్చు కంపెనీ గిడ్డంగి దాపున ఉన్నది. దండు వచ్చినచో కోట నీడ దొరకును.

బేరి తిమ్మన్న, కాశీ వీరన్న మొదలగు ప్రధాన వర్తకులు ఈ కాలమువారు. కంపెనీకి వస్త్రములు సమకూర్చుటయే వారి వృత్తి. బయానా పుచ్చుకొని నేతయూళ్లలో పంచి, గుడ్డలు తెచ్చి అప్పగింపవలెను. ఇట్టి వ్యాపారమున పట్టణములోని మిద్దె యిల్లు నివాసమే కాక పరపతి కూడ అని నా ఊహ; సరకు రాకున్నను ఇల్లు కదలిపోదు గదా! ఇంటికి ఇంత విలువ యేర్పడగానే దానిపై పన్ను కూడ వచ్చినది. 1686లో కంపెనీవారు ఇంటిపన్ను వేయబూనగా పట్టణవాసులు పనులు మాని, అంగళ్లు మూసి ఎదిరించిరి.

సుంకు రామ వృత్తాంతము మఱింత ఉపదేశకము. ఈయన పదునెనిమిదవ శతాబ్దపు తొలిభాగమున కంపెనీ ప్రధాన వర్తకులలో నొకడు. కూవము నది వంపులో ఆయనకు పెద్ద తోట ఉండెను. ఆయన ప్రాబల్యము తగ్గిన పిమ్మట, 1734లో, గవర్నరు మోర్టన్ పిట్ నేతగాండ్రకు పేట కట్టదలచి ఆ తోటనే తీసికొనెను. అదియే చింతాద్రిపేట. అచ్చట స్థలము పొందినవారు వడుకువారు, నేతవారు, అద్దకపువారు మొదలగు పనివారు. వారికిని ఆ పేట కూడును గూడును ఇచ్చినది. కావున దీనిని కేవలము అన్యాయముగా వర్ణించుట తగదు. కాని ప్రధాన వర్తకుని తోట సైతము ఆయన పలుకుబడి ఉన్నంతకాలమే ఆయనది యని దీనివలన తెలియుచున్నది.

ఒక్కని తోటకు జరిగినది కొంతకాలమునకు పట్టణమునకే జరిగినది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొనిరి. కోటచుట్టును బయలు ఉండవలెనని బ్లాక్ టౌనులో కోటకు దగ్గఱగానున్న భాగమును పడగొట్టిరి. 1749లో పట్టణము మఱల ఆంగ్లేయుల చేతికి వచ్చెను. ఇండ్లవారికి ఊఱట కలిగినదా యనగా, లేదు. ఇండ్ల మాటున శత్రువు కోటను సమీపించునను భయము ఆంగ్లేయులకును తక్కువకాదు. ఫ్రెంచివారు ఆరంభించిన పనిని వారు ముగించిరి. 1757లో చెన్నకేశవస్వామి ఆలయము కూడ నేలమట్టమైనది. కంపెనీకి తుపాకిమందు చేయు నాగబత్తుడు 1646లో దానపత్రము వ్రాసియిచ్చిన ఆలయమది. బేరి తిమ్మన్న కూడ దానికి మాన్యము లొసగియుండెను. స్వామికి వేఱొకచోట అంతే విస్తీర్ణముగల స్థలమును కంపెనీ యొసగినది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో కొత్త ఆలయము లేచినది. ఆయన తమిళుడు. బేరి తిమ్మన్న పోషించిన గుడిని ఆయన నిలిపెనను సంగతిని, పట్టణము ఎవరిదని వాదించినవారు రెండు ప్రక్కలను తలచినట్లు కనబడదు.

ఇండ్లు పోయినవారు ముత్యాలపేటకు, పెద్దనాయకునిపేటకు చేరిరి. 1758 డిసెంబరులో లాలీ సేనలు వచ్చి ఆ పేటలను దోచినవి. తరువాత హైదరాలీ భయము, పేటలచుట్టును గోడ, గోడ ఖర్చును ఇంటివారే ఇయ్యవలెనని కంపెనీ సంకల్పము. ఆ పన్ను వసూలు కాలేదు గాని ‘వాల్ టాక్స్ రోడ్డు’ అను పేరు మాత్రము నిలిచినది. కోటకును కొత్త పట్టణమునకును నడుమ ఇల్లు కట్టరాదని 1773 జనవరి 1 తేదీతో హద్దురాళ్లు నాటిరి. వానిలో ఒకటి పారీస్ మూలనున్న డేర్ హౌసు ఆవరణలో నిలిచియున్నది. పాత బ్లాక్ టౌను ఉండిన చోట 1892లో హైకోర్టు భవనము వెలసినది. ఇంటిహద్దుల వ్యాజ్యములు తీర్చు న్యాయస్థానమునకు అంతకంటె తగిన పునాది దొరకదు!

1911లో జార్జి టౌను అని పేరు మారిన ఈ కొత్త పట్టణమున ఇంటి కట్టడమే జీవికను చెప్పును. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. ముందు అంగడి, వెనుక సరకు, మీద కాపురము. స్థలమును కొలుచు ప్రమాణము ‘గ్రౌండు’. అనగా 2400 చదరపుటడుగులు. తంబుచెట్టి, లింగిచెట్టి మొదలగు వర్తకుల పేర్లు వీధులకు నిలిచినవి. ఆ తంబుచెట్టి వీధినుండియే ఆంధ్రపత్రిక వెలువడెను. బొంబాయిలో 1908లో పుట్టిన ఆ పత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో చెన్నపురికి తెచ్చి దినపత్రిక చేసిరి.

ఆస్తి నుండి ఆదాయము నిలుకడగా పుట్టినచోటు కొత్వాల్ చావడి. పట్టణమంతటికి కూరగాయలు చేరు ఆ సంత శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారిది. అనగా ఆర్యవైశ్యుల ఉమ్మడి సొత్తు. దేవస్థానము విద్యాలయములను నడపినది. వ్యక్తుల మేడలు వారసుల పంపకములలో ముక్కలగును. ఉమ్మడి సొత్తు అట్లు ముక్కలు కాలేదు. అయినను 1996లో ప్రభుత్వము టోకు వర్తకమును కోయంబేడునకు తరలించినపుడు ఆ సంత కూడ తన పూర్వ వైభవమును కోల్పోయినది.

ఇఱుకు భరింపలేని ఉద్యోగులకు, వకీళ్లకు ఇరువదవ శతాబ్దమున కొత్త దారి దొరికినది. 1920లో పట్టణ నిర్మాణ శాసనము వచ్చెను. ఆ దశకముననే మాంబళపు చెరువును ఎండగట్టి ఇండ్ల స్థలములు చేసిరి. ఆ పేట త్యాగరాయనగరము. పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర పేట, పానగల్లు రాజా రామరాయణింగారి పేర ఉద్యానము. ఇరువురును తెలుగువారు. తరువాత తెలుగు చలనచిత్రములవారు ఆ పేటలోను, కోడంబాకము, వడపళని ప్రాంతములందును స్థిరపడి స్థలములు కొనిరి.

పట్టణపు వెల ఎంత పలుచనిదో 1942 ఏప్రిలు చూపినది. ఆ నెల 6వ తేదీని విశాఖపట్టణము, కాకినాడలపై జపానువారి బాంబులు పడినవి. చెన్నపట్టణపు జనము గుంపులుగుంపులుగా ఊరు విడిచినది. ప్రభుత్వ కార్యాలయములే తరలినవి. వెలలు పడిపోయినవి, ధైర్యముండి కొన్నవారు లాభపడిరి. యుద్ధము ముగిసినపిదప జనము పెరిగి ఇండ్లు చాలక, 1946లోను 1949లోను అద్దె నియంత్రణ శాసనములు చేయవలసివచ్చెను.

ఇక రాష్ట్రవిభజన. 1949లో జవాహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభిల సంఘము, మద్రాసుపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రము ఏర్పడవచ్చునని చెప్పెను. పొట్టి శ్రీరాములుగారు బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష సాగించి 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మద్రాసు లేకయే అవతరించెను. తాత్కాలికముగానైనను రాజధాని మద్రాసున ఉండవచ్చునన్న వాంఛూగారి సూచన కూడ నెగ్గలేదు.

స్థాపనలో తెలుగు నాయకుని దానము, వర్తకమున తెలుగువారి ధనము, పేటలకు తెలుగు పేర్లు, ఇవన్నియు నిజములే. కాని పాలించువారు కోట అవసరమును చూచిరి గాని, ఇంటివారి పత్రములను బట్టి పట్టణపు గతిని ఏనాడును నిర్ణయింపలేదు. 1757లో చెల్లని పత్రము 1953లో చెల్లుననుకొనుట ఆశయే గాని చరిత్రానుభవము కాదు. మఱియు అదే వీధులలో తమిళుల పత్రములును అంతే పాతవి. ఆవేశమున ఈ రెండవ సంగతిని మనవారు తగినంత గణింపలేదని నా అభిప్రాయము.

ఇందు ఇంకొక విచిత్రము కలదు. ఆంధ్రరాష్ట్ర రాజధాని ఎచ్చట నుండవలెనను విషయమున రాయలసీమవారి కోరికకే మొదటి స్థానమని 1937 నవంబరు 16న ఒడంబడిక జరిగినది. జరిగిన చోటు మైలాపురమునందలి శ్రీబాగ్; నాగేశ్వరరావు పంతులుగారి స్వగృహము. చెన్నపట్టణమున తెలుగువాడు సంపాదించిన ఉత్తమ గృహములలో నొకటి, తెలుగువారి రాజధానిని కర్నూలునకు పంపుటకు సాక్షియైనది. కర్నూలున కచేరీలు డేరాలలో సాగినవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు చేరినది. నడుమ మూడేండ్లలో కర్నూలు ఇండ్ల సంగతి వేఱొక వ్యాసమునకు తగినది.