ఉద్దానం తోటే మ్యూజియం

మూలపేట నుంచి వజ్రపుకొత్తూరు మీదుగా సోంపేట, కవిటి దాకా ఉద్దానం ఇసుక నేలల్లో జీడితోటలు చూసినవాళ్లకు ఆ చెట్టు ఇక్కడే పుట్టిందనిపిస్తుంది. అసలు సంగతి దాని పేరులోనే ఉంది. మన అడవుల్లో అనాదిగా ఉన్నది నల్లజీడి. దాని రసంతోనే రజకులు బట్టలకు గుర్తులు పెట్టేవారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు గింజలోనూ అలాంటి జీడే కనిపించింది. ఆ గింజను అడ్డంగా కోసి చూడండి: పెంకు పొరల మధ్య తేనెపట్టులాంటి గదులు, వాటి నిండా చేతులు పొక్కించే నూనె. జీడి, మామిడి కలిపి జీడిమామిడి అన్నారు. వృక్షశాస్త్రమూ నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది. ఊరివాళ్ల చూపు అంత నిశితమైనది.

ఈ పంటకు ఉద్దానంలోనే ఒక పరిశోధన కేంద్రం, మ్యూజియం కావాలి, ఆ రెండూ ఒకే తోటగా ఉండాలి. 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్ జొన్న, కంది విత్తనాలను చలిగదుల్లో దాస్తోంది. జీడిమామిడికి ఆ దారి పనికిరాదు. పరపరాగ సంపర్కం వల్ల గింజ మొక్క తల్లిచెట్టులా రాదు. ఒక చెట్టు గుణం దక్కాలంటే ఆ చెట్టునో, దాని అంటునో బతికించుకోవాలి. బాపట్లలోని జీడిమామిడి పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 రకానికి తల్లిదండ్రులు 1వ నంబరు, 39వ నంబరు చెట్లు. ఎవరో ఓపికగా చూసి నంబరు వేయబట్టే ఆ రకం పుట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కూలిన, గింజల నుంచి పెరిగిన చెట్లలో ఏ గుణాలు పోయాయో చెప్పే పుస్తకమే లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

బాపట్ల ఉంది, 1986 నుంచి కర్ణాటకలోని పుత్తూరులో జాతీయ కేంద్రమూ ఉంది, మళ్లీ ఇంకొకటెందుకు అనవచ్చు. పడమటి కనుమల వైపు పెరిగిన చెట్టు ఈ తీరపు తుపాను గాలికి ఎలా నిలుస్తుందో ఇక్కడ నాటితేనే తెలుస్తుంది. రైతుకు కావలసింది దిగుబడినిచ్చే అంట్లు, ముసలి చెట్లు కావన్నది మరో మాట. నిజమే, కానీ అంటుకట్టే కొమ్మ ఏదో ఒక తల్లిచెట్టు నుంచే రావాలి. ఊరంతా ఒకే తల్లి అంట్లు నాటితే ఒక్క తెగులుకే తోటలన్నీ లొంగిపోవచ్చు. తుపాను దారిలో చెట్ల నిధి పెట్టడం తెలివా అన్న ప్రశ్న మాత్రం గట్టిది. అందుకే ఇక్కడి ప్రతి చెట్టు అంటునూ బాపట్లలో, పుత్తూరులో నాటి ఉంచాలి. భవనం తర్వాత కట్టుకోవచ్చు. ముందు తిత్లీకి పడిపోని చెట్లను వెతికి, ఒక్కొక్కదానికి నంబరు పలక కట్టాలి.